ముక్త్యారా, ప్రతినిధా? వైద్య అధికార పత్రంలో తెలుగు

సందేహం: తెలివి తప్పిన స్థితి వస్తే చికిత్స విషయం ఎవరు చూసుకోవాలో మా నాన్నగారు ముందే రాసి ఉంచాలనుకుంటున్నారు. ముసాయిదాలో ఇలా ఉంది: 'నాకు స్పృహ తప్పిన యెడల నాకు బదులుగా అన్ని వైద్య నిర్ణయములు తీసుకొనుటకు నా కుమార్తె మరియు అల్లుడు ముక్త్యారుదారులుగా నియమించబడినారు. నాకు వెంటిలేటర్ పెట్టరాదు.' ఇక్కడ 'ముక్త్యారు' అనవచ్చా? 'ప్రతినిధి', 'నామినీ' వీటిలో ఏది మేలు?

సమాధానం: 'ముక్త్యారు' తీసేయండి. అది భూముల కాగితాల్లో స్థిరపడిన మాట. చదివినవారు దీన్ని జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే ఆ ఏజెన్సీ, అంటే వారి తరఫున పనిచేసే అధికారం, ముగిసిపోతుంది. అంటే సరిగ్గా అవసరం పడే వేళకే ముక్త్యారు చెల్లకుండా పోయే ప్రమాదముంది. 'నామినీ' అనగానే బ్యాంకు ఖాతా, బీమా డబ్బు గుర్తొస్తాయి. 'వైద్య ప్రతినిధి' చాలు.

నిజానికి ఆ పేరుకన్నా మీ వాక్యంలో మిగతా మాటలతోనే చిక్కు. ఇలాంటి పత్రాలకు సుప్రీంకోర్టు 2018 మార్చి 9న మార్గదర్శకాలిచ్చి, 2023 జనవరి 24న వాటిని సడలించింది. పత్రంలో స్పష్టత లేకపోతే వైద్య బోర్డులు (రోగి పరిస్థితిని తేల్చే డాక్టర్ల బృందాలు) దాన్ని అమలు చేయవు. పత్రమే రాయని రోగికి వర్తించే పద్ధతి పాటిస్తాయి. కాబట్టి ఇక్కడ రెండర్థాల మాట భాషాదోషంతో ఆగదు.

'నియమించబడినారు' అంటే ఎవరు నియమించారు? '-బడు' కర్తను దాచేస్తుంది. ఈ పత్రానికి ప్రాణం రాసినవారి ఇష్టం కనుక 'నేను నియమిస్తున్నాను' అనే ఉండాలి.

'కుమార్తె మరియు అల్లుడు' అంటే ఇద్దరూ కలిసి ఒప్పుకోవాలన్న అర్థం వస్తుంది. ఒకరు విమానంలో ఉంటే? 'కూతురు గాని అల్లుడు గాని' అంటే, ఇద్దరూ చెరోమాట చెబితే ఎవరిది చెల్లుతుందో తేలదు. వరస పెట్టి రాయాలి: మొదట ఒకరు, వారు దొరక్కపోతే రెండోవారు. పైగా 'అల్లుడు' కూతురు భర్తా, అక్కచెల్లెళ్ల కొడుకా? మన ఇళ్లలో పినతండ్రి కొడుకూ తమ్ముడే. ఐసీయూ సిబ్బందికి ఈ వరసలు తెలియవు. ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు, 'పెద్ద కూతురి భర్త' అన్నట్టు విడమరచిన బంధుత్వం, ఫోన్ నంబరు రాయండి.

'స్పృహ తప్పిన యెడల' చాలదు. ఎండదెబ్బకూ స్పృహ తప్పుతుంది. పక్షవాతంతో నోరు పడిపోయినా విషయం అర్థమై తలూపగలిగితే, నిర్ణయం ఇంకా ఆ మనిషిదే. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరినవారు మెలకువగానే ఉంటారు, నిర్ణయించుకోలేరు.

'పెట్టరాదు' గ్రాంథికంలో నిషేధం. 'ఒకసారి డాక్టరుకు చూపించరాదూ' అన్నప్పుడు మాత్రం అది సలహా! ఆస్పత్రి కాగితంలో 'పెట్టవద్దు' అనండి. అదీ షరతు లేకుండా రాస్తే, నాలుగు రోజుల్లో నయమయ్యే న్యుమోనియాకూ వర్తిస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. 'పెట్టవద్దు'లో 'తీసేయండి' కలిసి రాదు కూడా. అందుకే: 'నయమయ్యే ఆశ లేదని వైద్య బోర్డులు తేల్చాక నాకు వెంటిలేటర్ పెట్టవద్దు, అప్పటికే పెట్టి ఉంటే తీసేయండి.'

'బదులుగా', 'అన్ని' కూడా ఎక్కువే. ప్రతినిధి ఇచ్చే సమ్మతి, ఈ పత్రంలో రాసిన కోరికలకు లోబడే ఉండాలి. 'తరఫున' సరిపోతుంది. మొత్తం ఇలా రాయవచ్చు:

'నా పరిస్థితిని అర్థం చేసుకొని, నా నిర్ణయాన్ని మాటతోగాని సైగతోగాని తెలపలేని స్థితిలో నేను ఉన్నప్పుడు, ఈ పత్రంలోని నా కోరికల ప్రకారం చికిత్సను నిరాకరించడానికీ ఆపించడానికీ నా తరఫున సమ్మతి తెలిపే అధికారాన్ని నా పెద్ద కూతురు ఫలానాకు ఇస్తున్నాను. ఆమె అందుబాటులో లేకపోయినా, ఈ బాధ్యత తీసుకోలేకపోయినా ఆ అధికారం ఆమె భర్త ఫలానాకు ఉంటుంది.'

దీనికి తోడు, ఎవరి బలవంతమూ లేకుండా, పర్యవసానాలు తెలిసే రాస్తున్నానన్న వాక్యం, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చన్న వాక్యం ఉండాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోగాని గెజిటెడ్ అధికారితోగాని ధ్రువీకరణ చేయించాలి. పాత నమూనాలో 'మేజిస్ట్రేటు సంతకం' అని ఉంటే అది 2018 నాటిది, 2023లో ఆ నిబంధన పోయింది. ప్రతులు పేర్కొన్న ఇద్దరికీ, ఇంటి డాక్టరు ఉంటే ఆయనకూ, పంచాయతీ లేదా మునిసిపాలిటీలో ఇందుకు నియమితుడైన అధికారికీ ఇవ్వాలి. ఒకటికి మించి పత్రాలుంటే చివరగా సంతకం చేసినదే చెల్లుతుంది కనుక తేదీని '2వ నెల'లా వదిలేయక, నెల పేరుతో పూర్తిగా రాయండి.