జీలకర్ర అనుకుని కొన్న క్మీన్

చెక్ దేశంలోని బ్ర్నో నగరానికి వచ్చిన రెండో వారంలో పప్పుకు తాలింపు వేస్తే వంటిల్లంతా రొట్టెల బట్టీ వాసన వచ్చింది. జీలకర్ర కోసం దుకాణంలో పొట్లాల మీద పేర్లు చదువుతూ పోతుంటే 'క్మీన్' కనిపించింది. ఇంగ్లీషులో క్యుమిన్ అంటారు కదా, ఇదే అయి ఉంటుందని తెచ్చాను. చూపుకు గింజ కూడా జీలకర్రలాగే ఉంది. నూనెలో పడ్డాక గానీ సంగతి తెలియలేదు. చెక్‌ వాళ్ల క్మీన్ వేరే గింజ, మన షాజీరాకు దగ్గరి చుట్టం. రొట్టెల్లోనూ పులియబెట్టిన క్యాబేజీలోనూ వేస్తారు. జీలకర్ర కావాలంటే 'ర్జీమ్‌స్కీ క్మీన్', అంటే రోము క్మీన్, అని అడగాలి. రైలులో గంటన్నర ప్రయాణం చేసి పక్క దేశం స్లోవాకియా రాజధాని బ్రాటిస్లావా వెళితే ఆ రొట్టె గింజ పేరు 'రస్త్స', జీలకర్ర పేరు 'రీమ్‌స్క రస్త్స'.

కొత్తగా చదువుకోవడానికీ ఉద్యోగాలకీ వచ్చిన మన పిల్లలు నన్ను అడిగే సందేహాలన్నీ తిరిగి తిరిగి ఆ తాలింపు దగ్గరికే వస్తున్నాయి. ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట ఇక్కడ మూడెందుకు? ఇంగ్లీషులో ఉన్న మాటే ఇక్కడా ఉంది, మరి అర్థం ఎందుకు కుదరడం లేదు? వీటికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. చెక్‌కూ మీకూ మధ్య ఇంగ్లీషును కూర్చోబెట్టకండి. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి. మొదటి మూడేళ్లు ఇంగ్లీషు నిఘంటువు చంకన పెట్టుకుని తిరిగి, ఆ తరువాత దాన్ని అటక మీద పెట్టినవాడిగా చెబుతున్నాను.

ఇంగ్లీషులో 'నో' అనే క్రియ ఒక్కటే. సమాధానం తెలిసినా, మనిషి తెలిసినా, ఈత వచ్చినా దానితోనే నెట్టుకొస్తారు. చెక్‌లో మూడు. విషయం తెలియడం 'వ్యెద్యెత్', మనిషితోనో ఊరితోనో పరిచయం ఉండడం 'జ్నాత్', ఏదైనా చేయడం రావడం 'ఉమ్న్యెత్'. ఇంగ్లీషు నుంచి వచ్చేవాడికి ఇది తలనొప్పి. మనం మాత్రం "నాకు ఆయన తెలుసు" అంటాం గానీ "నాకు ఈత తెలుసు" అనం, "ఈత వచ్చు" అంటాం. ఆ 'వచ్చు' ఉన్న ప్రతిచోటా ఉమ్న్యెత్ పెట్టండి. "ఉమీమ్ చెస్కి" అంటే నాకు చెక్ వచ్చు. మిగిలిన రెండింటికి గుర్తుగా సంస్కృతం ఉండనే ఉంది. వ్యెద్యెత్‌దీ మన వేదం, విద్యలదీ ఒకే ధాతువు. జ్నాత్‌దీ జ్ఞానానిదీ ఒకే మూలం. స్లోవాక్ వాళ్లు ఇక్కడ కొంచెం ఉదారులు. "వియెమ్" అన్న ఒక్క మాటతో 'నాకు తెలుసు' అనీ, 'నాకు వచ్చు' అనీ రెండూ అనేస్తారు.

'హాట్' సంగతి అంతకన్నా రుచికరం. వేడికీ కారానికీ ఇంగ్లీషుకు ఒకటే మాట. అది తలలో పెట్టుకుని భోజనశాలలో నేను 'హోర్కీ' సూప్ అడిగాను. పొగలు కక్కుతూ వచ్చింది, చప్పగా. కారం కావాలంటే 'పాలివీ' అనాలి. మిరియాలు 'పెప్ర్ష్', క్యాప్సికమ్, ఎర్ర పొడి రెండూ 'పప్రిక', ఘాటు మిరపకాయ 'ఫెఫెరోన్క'. ఇంగ్లీషు వీటన్నిటినీ 'పెప్పర్' అని ఒకే సంచీలో వేసింది. మిరియం వేరు, మిరప వేరు, బెంగళూరు మిర్చి వేరు అని తెలిసిన మనకు ఆ సంచీతో పనేమిటి? స్లోవాకియాలో మిరియాలు 'చియెర్నె కొరెనియె', నల్ల మసాలా అని అర్థం. ఒక్క జాగ్రత్త. చెక్‌లో వేడి అయిన ఈ హోర్కీ స్లోవాక్‌లో చేదు. 'హోర్క చొకొలాద' అని ప్రాగ్‌లో అడిగితే కప్పులో వేడిగా వస్తుంది, బ్రాటిస్లావాలో అడిగితే చేదు చాక్లెట్ బిళ్ల చేతిలో పెడతారు.

అందరూ ఎక్కువగా భయపడేది 'సె', 'సి' అన్న రెండు బుల్లి మాటలకు. తరగతిలో పక్కన కూర్చున్న ఇంగ్లీషువాడు ఏడాదైనా వాటితో కుస్తీ పడుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒకరోజు ట్రాములో వెళుతుంటే హఠాత్తుగా వెలిగింది. అది మన 'కొను' కదా! నేర్పడం 'ఉచిత్', నేర్చుకోవడం 'ఉచిత్ సె'. (చూసి ఉచితం అనుకునేరు, ఇక్కడి భాషా తరగతుల రుసుము గట్టిదే.) అరువివ్వడం 'పూయ్‌చిత్', అరువు తెచ్చుకోవడం 'పూయ్‌చిత్ సి'. ఇంగ్లీషు వీటికి సంబంధంలేని రెండేసి మాటలు పెట్టుకుంది. ఏది ఇవ్వడం, ఏది పుచ్చుకోవడం అని మనవాళ్లు ఇప్పటికీ తడబడుతుంటారు. కొనడం 'కౌపిత్', కొనుక్కోవడం 'కౌపిత్ సి'. చేతులు కడుక్కోవడం 'ఉమీత్ సి రుత్సె'. కూర్చోవడం, పడుకోవడం కూడా 'సెద్నౌత్ సి', 'లెహ్నౌత్ సి'. చూడండి, ఆ రెండింట్లో మనకూ 'కో' ఉంది, వాళ్లకూ 'సి' ఉంది. అన్నిచోట్లా కుదరదు లెండి. నవ్వడానికీ భయపడడానికీ వాళ్లకు 'సె' కావాలి, మనకు 'కొను' అక్కర్లేదు. అయినా పదింట ఏడుసార్లు దారి చూపిస్తుంది. స్లోవాక్‌లో సె కాస్తా 'స' అవుతుంది, సి మాత్రం సి గానే ఉంటుంది. ద్రావిడ భాషల మీద జీవితమంతా పనిచేసిన కమిల్ జ్వెలెబిల్ (1927–2009) ప్రాగ్‌లో పుట్టినవారే. ఆయన అటునుంచి ఇటు నడిచిన దారిలో మనం ఇటునుంచి అటు నడుస్తున్నామని అప్పుడప్పుడు అనుకుంటాను.

"నాకు" అనే మాటను కూడా వదులుకోకండి. "నాకు చలిగా ఉంది" అన్నదాన్ని ఇంగ్లీషు మీదుగా తిప్పితే 'నేను చల్లగా ఉన్నాను' అవుతుంది. వినేవాడు మీ చెయ్యి పట్టుకుని చూస్తాడు. చెక్‌లోనూ స్లోవాక్‌లోనూ "యె మి జిమ" అంటారు. 'మి' అంటే నాకు. జిమ అంటే చలి, చలికాలం కూడా. మన హిమం, హేమంతం దాని అక్కచెల్లెళ్లు. అలాగే "నాకు నచ్చింది" అనేది 'లీబీ సె మి'. కూర రుచిగా ఉంటే 'ఖుత్నా మి'. ఈ రెండూ 'నాకు' తోనే. ఎవరింటికైనా భోజనానికి వెళ్లినప్పుడు రెండోది తప్పక అనండి, మరో గరిటె పడుతుంది.

మీరు, నువ్వు తేడా ఇంగ్లీషుకు పోయింది, వీళ్లకు ఉంది. 'వి' అంటే మీరు, 'తి' అంటే నువ్వు. మనలాగే బహువచనంతోనే గౌరవం. పెద్దవాళ్లు లేదా ఆడవాళ్లు "ఇకనుంచి తి అనుకుందాం" అనేదాకా మీరు ముందుపడకండి. స్లోవాక్‌లో "మీరు వచ్చారు" అచ్చం మనలాగే క్రియ అంతా బహువచనంలో ఉంటుంది, "ప్రిష్లి స్తె". చెక్‌లో మాత్రం సగమే గౌరవం. సహాయక క్రియ బహువచనం, అసలు క్రియ ఏకవచనం. మగవారైతే "ప్ర్షిషెల్ స్తె", ఆడవారైతే "ప్ర్షిష్ల స్తె".

తెలుగు ముంచే చోట్లు లేకపోలేదు. మనిషి పనిచేస్తాడు, ఫ్రిజ్ కూడా పనిచేస్తుంది మనకు. ఇక్కడ మనిషి చేసేది 'ప్రత్సొవత్', యంత్రం చేసేది 'ఫున్గొవత్'. వెళ్లడంలోనూ అంతే. కాలినడక 'యీత్', బండి మీద 'యెత్'. యీత్ వాడి సెలవుల్లో ఇండియా వెళ్తున్నానంటే బూట్లు బాగున్నాయా అని అడుగుతారు. స్లోవాక్‌లో 'ఈస్త్య' ఒక్కటే రెండింటికీ సరిపోతుంది. ఇక గడియారం. 'పూల్ త్ర్షెత్యీ' అంటే మాటకు మాటగా సగం మూడోది. మూడున్నర కాదు, రెండున్నర. వైద్యుడి దగ్గర గంట ఆలస్యంగా దిగి నేను తిట్లు తిన్నది దీని వల్లనే.

ఇంగ్లీషు వేషం వేసుకున్న మాటలకు తర్కం లేదు, బట్టీ పట్టాల్సిందే. 'రెత్సెప్త్' అంటే మందుల చీటీ, వంట చేసే విధానం కూడా. దుకాణంలో ఇచ్చే రసీదు మాత్రం 'ఊచ్తెన్క'. 'హొస్త్' అంటే అతిథి, ఇంటాయన కాదు. 'గిమ్నాజియుమ్' పిల్లలు చదివే ఉన్నత పాఠశాల. అక్కడికి డంబెల్స్ ఎత్తడానికి వెళ్లకండి, దానికి 'పొసిలొవ్న' ఉంది. 'ప్రొమొత్సె' పట్టాల పండుగ, ఉద్యోగంలో పదోన్నతి కాదు. 'ఎవెన్తుఆల్న్యె' అంటే చివరికి అని కాదు, వీలుంటే అని. అద్దె ఒప్పందంలో ఈ మాట కనబడితే రెండుసార్లు చదవండి. 'బిలియొన్' మన లెక్కలో లక్ష కోట్లు. వంద కోట్లకు 'మిలియర్ద' అంటారు. స్లోవాకియాలో ఇంటి ప్రకటనలో 'పివ్నిత్స' ఉందంటే మురిసిపోకండి, అది నేలమాళిగ. చెక్‌లో 'పివ్‌న్యిత్సె' అయితే బీరు దుకాణం. దరఖాస్తుల్లో 'చెర్వెన్' జూన్, 'చెర్వెనెత్స్' జూలై. చూపుకు ఒకటే, నెల తేడా. స్లోవాక్ వాళ్లు నెలలకు మనకు తెలిసిన లాటిన్ పేర్లే ఉంచుకున్నారు, పుణ్యాత్ములు.

స్లోవాక్ నేర్చుకుని ఇటు వస్తే చెల్లుతుందా అని అడిగేవారికి: రోజువారీ మాటల్లో చెల్లుతుంది, చెక్ ప్రభుత్వ కార్యాలయాలు స్లోవాక్‌లో రాసిన అర్జీ కూడా తీసుకుంటాయి. శాశ్వత నివాసానికి పెట్టే పరీక్ష మాత్రం చెక్‌లోనే. 2021 సెప్టెంబరు నుంచి అది భాషా స్థాయిల్లో మొదటి మెట్టు ఏ1 కాదు, దాని పై మెట్టు ఏ2. ఉచ్చారణకు బెంగ అక్కర్లేదు. వాళ్ల త, ద లు ఇంగ్లీషు ట, డ ల కన్నా మన త, ద లకే దగ్గర. ర్జీమ్‌స్కీలో వచ్చే ఆ ర్జ ఒక్కదానికే నోరు తిరగాలి.

చివరగా అతి చిన్న మాట. చెక్‌లో అవునుకు 'అనొ', కాదుకు 'నె'. కానీ ఫోనులో వాళ్లు అవునవును అనడానికి "నొ, నొ, నొ" అంటారు. నా మొదటి ఇంటి యజమానిని గది ఖాళీగా ఉందా అని అడిగితే అలాగే అన్నాడు. ఇవ్వనంటున్నాడనుకుని ఫోను పెట్టేసి వేరే ఇళ్లు వెతుక్కున్నాను. మూడో రోజు ఆయనే ఫోను చేశాడు, తాళాలు తీసుకోవడానికి ఎప్పుడొస్తావని.