బండి సందేహాలు: ఖర్చు పెడితే స్కూటర్ స్పీడ్ ఎంత పెరుగుతుంది?

ఈసారి ఉత్తరాలన్నీ చిన్న స్కూటర్ల మీదే వచ్చాయి, అందులోనూ చాలామంది అడిగింది స్పీడ్ గురించే. ఒకేలా ఉన్నవి పక్కన పెట్టి నాలుగు తీసుకున్నాను. మొదటి జవాబు కాస్త పెద్దదైంది. ఈ విషయంలో కుర్రాళ్ల డబ్బు, కొన్నిసార్లు ఎముకలు కూడా పోతున్నాయి కాబట్టి వివరంగానే రాశాను.

ప్రశ్న: నాది 2021 మోడల్ యాక్టివా 6జీ. మీటర్లో 88 దాకా వెళ్తుంది, ఆ తర్వాత ఎంత రైజ్ చేసినా కదలదు. మా మెకానిక్ అన్న బోరు కిట్ (పెద్ద పిస్టన్, సిలిండర్), ఫ్రీ ఫ్లో సైలెన్సర్, పెర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్ మూడూ వేస్తే 110 గ్యారంటీ అంటున్నాడు. రోజూ తెనాలి నుంచి గుంటూరు కాలేజీకి వెళ్లొస్తాను. వేయించమంటారా?
– తెనాలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: వద్దు తమ్ముడూ. 110 రాదు.

ముందు మీటర్ సంగతి చూద్దాం. మీటర్లో 88 అంటే రోడ్డు మీద 88 కాదు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని నిబంధన ఉంది, అందుకని కంపెనీలు కాస్త ఎక్కువ చూపించేలానే పెడతాయి. వెనక కూర్చున్నవాళ్ల చేతిలో ఫోన్ పెట్టి జీపీఎస్ యాప్‌లో చూడమను, 80-83 దగ్గర ఆగుతుంది. 110 సీసీ స్కూటర్ అసలు స్పీడ్ అంతే, నీ బండిలో లోపమేమీ లేదు.

ఇక ఆ పైన ఎందుకు కదలదంటావా, గాలి వల్ల. 60 దాటాక ఇంజన్ పవర్‌లో ఎక్కువ భాగం ఎదురుగాలిని తోయడానికే పోతుంది, పైగా స్కూటర్ మీద మనం కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా, ఛాతీ అడ్డం పెట్టి కూర్చుంటాం. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరిగితే, దాన్ని తోసుకుంటూ పోవడానికి కావాల్సిన పవర్ ఘనంలో పెరుగుతుంది. కాలిక్యులేటర్ తీసి నువ్వే వేసుకో. ఇప్పుడు నీ ఇంజన్ పవర్ సుమారు 7.8 హార్స్‌పవర్, స్పీడ్ 83. 90 కావాలంటే దాదాపు 10 హార్స్‌పవర్ ఉండాలి. 100కి 13న్నర దాటాలి. మీ అన్న చెప్పే 110కి 18 హార్స్‌పవర్ కావాలి. 18 అంటే యమహా ఆర్15 ఇంజన్ ఇచ్చే పవర్. ఆ ఇంజన్‌కు రేడియేటర్ ఉంది, నాలుగు వాల్వులున్నాయి, 155 సీసీ ఉంది, పైగా ఆ బండి గాలిని చీల్చుకుపోయే ఆకారంలో ఉంటుంది కాబట్టి అదే పవర్‌తో 110 దాటి ఇంకా చాలా ముందుకు పోతుంది. నీ ఫ్యాన్ కూలింగ్ ఇంజన్ నుంచి అంత పవర్ ఏ కిట్టూ తీయలేదు.

ఇంకొక లెక్క చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క, ఎందుకంటే ఈ ప్రయోగం హోండా వాళ్లే మన కోసం చేసిపెట్టారు. నీ 6జీ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 47 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 63.1. యాక్టివా 125లో స్ట్రోక్ అదే 63.1, బోరు మాత్రం 50. అంటే కేవలం 3 మిల్లీమీటర్ల బోరు పెంచితే 109.5 సీసీ కాస్తా 124 అవుతుంది. బోరు కిట్ పేరుతో షెడ్లలో చేసేదీ ఇలాంటి పనే. మరి కంపెనీ ఇంజనీర్లు హెడ్డు, ఇంజెక్టర్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) అన్నీ సరిపోయేలా మార్చుకుని చేస్తే పెరిగింది ఎంత? బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) మోడళ్లలో 7.8 నుంచి సుమారు 8.3 హార్స్‌పవర్, అర హార్స్‌పవర్ అంతే. పవర్ 6 శాతం పెరిగితే టాప్ స్పీడ్ 2 శాతం పెరుగుతుంది, అంటే 83 ఉన్నది 85 కూడా సరిగ్గా అవదు. నిజంగా పెరిగింది టార్క్, అంటే తిప్పే బలం, 8.8 నుంచి 10 న్యూటన్ మీటర్ల పైకి వెళ్లింది. అందుకే యాక్టివా 125 సిగ్నల్ దగ్గర చురుగ్గా కదులుతుంది, డబుల్స్‌లో ఎత్తు బాగా ఎక్కుతుంది. పికప్ వేరు, టాప్ స్పీడ్ వేరు. షెడ్డులో ఈ రెండింటినీ కలిపేసి చెప్తారు, కుర్రాళ్లు అక్కడే మోసపోతారు.

నీది బీఎస్6 బండి కాబట్టి ఇంకో చిక్కుంది. దానికి కార్బురేటర్ లేదు, ఎంత పెట్రోల్ వదలాలో ఈసీయూ చూసుకుంటుంది, ఆ లెక్క కంపెనీ ఫిల్టర్‌కు, కంపెనీ సైలెన్సర్‌కు, 109.5 సీసీకి కట్టింది. నువ్వు ఫిల్టర్ మార్చి గాలి ఎక్కువ పంపితే మామూలు స్పీడ్లో ఆక్సిజన్ సెన్సర్ కొంత సర్దుతుంది గానీ, ఫుల్ రైజ్‌లో సర్దదు. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే ఇంజన్ వేడెక్కుతుంది, మే నెల ఎండలో పది నిమిషాలు ఫుల్ రైజ్‌లో పట్టావంటే పిస్టన్ పట్టేసే ప్రమాదముంది. 80లో పోతుండగా పిస్టన్ పట్టేస్తే ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, వెనక చక్రం కూడా ఒక్క క్షణం బిగుసుకోవచ్చు.

ఫ్రీ ఫ్లో సైలెన్సర్ సంగతీ ఇంతే. శబ్దం పెరుగుతుంది, ఆ శబ్దానికి స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది, జీపీఎస్‌లో చూస్తే 1 కిలోమీటర్ తేడా కూడా కనిపించడం కష్టం. లోపల ఉండే, పొగలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది. విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేదీ అదే.

ఆ డబ్బులో కొంచెం ఖర్చు పెట్టి బండి పోగొట్టుకున్న స్పీడ్‌ను వెనక్కి తెచ్చుకో. బెల్టు మార్చి ఎన్నాళ్లైంది? 20 వేల కిలోమీటర్లు దాటితే తీయించి చూడు. అరిగిన బెల్టు వెడల్పు తగ్గి పుల్లీలో కిందికి దిగిపోతుంది, దాంతో టాప్ స్పీడ్‌లో చివరి 4-5 కిలోమీటర్లు పోతాయి. ఎయిర్ ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ బిగించనివ్వకు, అది నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్, మార్చాల్సిందే. సెంటర్ స్టాండ్ వేసి చక్రాలు చేత్తో తిప్పి చూడు, బ్రేక్ షూ రాసుకుంటుంటే ఇంజన్ అదే పనిగా బ్రేకుతో పోట్లాడుతున్నట్టే. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) కూడా చూపించు. ఇన్ని చేశాక 83 రాని బండి 83కి వస్తుంది. మొదటి నుంచీ 83 వస్తున్న బండి మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంకొక మాట. 25 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా 80లో పోతే 19 నిమిషాల లోపు పడుతుంది, 85లో పోతే 17 నిమిషాల 40 సెకన్లు. మిగిలేది ఒక్క నిమిషం, అదీ దారిలో గేదెలు, ఆటోలు, స్పీడ్ బ్రేకర్లు ఏమీ లేకపోతే. నీకు నిజంగానే 95-100 కావాలంటే బండి అమ్మి 125 సీసీ స్పోర్ట్స్ స్కూటరో, 155 సీసీ యమహా ఏరాక్స్ స్కూటరో తీసుకో. ఏరాక్స్‌కు 15 హార్స్‌పవర్ ఉంది, దానికి తగ్గ డిస్క్ బ్రేకు, ఏబీఎస్, టైర్లు కూడా ఉన్నాయి. నీ డ్రమ్ బ్రేకులు 80ని ఆపడానికి పెట్టినవి. 80లో కంటే 100లో ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, బోరు కిట్‌తో పాటు ఎవరూ బ్రేకులు మార్చి ఇవ్వరు.

ప్రశ్న: నా స్కూటీ పెప్ ప్లస్ పాతది. నేనొక్కదాన్నే వెళ్తే బాగానే ఉంటుంది. మావారితో సింహాచలం కొండెక్కితే మాత్రం అసలు లాగదు. రోలర్లు మారిస్తే స్పీడ్ వస్తుందని షాపులో చెప్పారు, నిజమేనా?
– విశాఖ నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఆయన చెప్పింది కొంతవరకు నిజమే, కానీ వచ్చేది స్పీడ్ కాదు, లాగే బలం.

ఇంజన్ పక్కన బెల్టు తిరిగే పుల్లీ ఉంటుంది, దాన్నే వేరియేటర్ అంటారు. అందులో సాధారణంగా ఆరు చిన్న రోలర్లు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ అవి బయటికి జరిగి బెల్టును పైకి నెడతాయి, గేర్లు మారినట్టే అవుతుంది. తేలిక రోలర్లు వేస్తే ఆ జరగడం ఆలస్యమవుతుంది, ఇంజన్ ఎక్కువ తిరిగి బండి ఎత్తు మీద బాగా లాగుతుంది. దానికి బదులుగా మామూలు రోడ్డు మీద ఇంజన్ మోత పెరుగుతుంది, మైలేజ్ కొంత తగ్గుతుంది, టాప్ స్పీడ్ పెరగదు, ఒక్కోసారి 2-3 కిలోమీటర్లు తగ్గుతుంది కూడా.

ముందు పాత రోలర్లు విప్పించి అరచేతిలో పెట్టుకుని చూడండి. గుండ్రంగా ఉండాల్సినవి ఒకవైపు చెక్కినట్టు చదునుగా అయిపోయి ఉంటాయి, పాత బండ్లలో దాదాపు ప్రతిసారీ ఇదే కనిపిస్తుంది. చదునైన రోలర్ జరగాల్సినప్పుడు జరగదు, వెనక్కి రావాల్సినప్పుడు రాదు. అలా ఉంటే కంపెనీ బరువువే కొత్తవి వేయించండి, చాలాసార్లు అంతటితోనే బండి మళ్లీ లాగుతుంది. క్లచ్ షూలు కూడా అప్పుడే చూపించండి, ఎత్తు మీద ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే తప్పు వాటిదే కావచ్చు.

అయినా మీ బండికి ఉన్నది 87.8 సీసీ, 5 హార్స్‌పవర్ చిల్లర. ఇద్దరు మనుషులు, బండి కలిపి 225 కిలోలు అనుకుంటే, వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తు మీద 40లో పోవడానికి, ఒక్క ఎత్తు ఎక్కడానికే చక్రం దగ్గర 2 హార్స్‌పవర్ కావాలి. దానికి గాలి, టైర్ల రాపిడి కలిపితే 3 దాటుతుంది. బెల్టులో పోయేది పోగా మీ చక్రానికి అందేదే సుమారు 4. కాబట్టి కొండ మీద 30-40 మధ్య వెళ్తే బండి బాగున్నట్టే లెక్క, దాన్ని ఇంకా తరమకండి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, ఆగి ఆగి వాడండి.

ప్రశ్న: జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాను. పార్ట్ టైమ్ జాబ్‌కి వెళ్లడానికి సెకండ్ హ్యాండ్ 50 సీసీ స్కూటర్ కొన్నాను. 45 దాటదు, వెనక కార్లవాళ్లు హారన్లు కొడుతుంటే టెన్షన్‌గా ఉంది. లిమిట్ తీసేస్తే ఎంత వస్తుంది?
– జర్మనీ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఫోర్ స్ట్రోక్ 50 సీసీకి కంపెనీ పెట్టిన 45 లిమిట్ తీసేసినా 55-60 మించి రావడం కష్టం, ఎందుకంటే దాని పవరే 3 హార్స్‌పవర్ చుట్టుపక్కల. ఆ పది పదిహేను కోసం నువ్వు పణంగా పెట్టేది చాలా పెద్దది. 45కి మించి పోయేలా మార్చిన క్షణం ఆ బండికి రోడ్డు అనుమతి పోతుంది, నీ లైసెన్స్ ఆ తరగతికి చాలదు, అక్కడ లైసెన్స్ లేకుండా నడపడం చిన్న చలానా కాదు, క్రిమినల్ నేరం. పోలీసుల దగ్గర చక్రం పెట్టి తిప్పి చూసే రోలర్ బెంచీలు ఉంటాయి, దొరక్కుండా ఉండటం కష్టం. వీసా మీద ఉన్నవాడివి, ఆ దారికి వెళ్లకు.

అక్కడి వీధుల్లో 50 సీసీ సిమ్సన్ మోపెడ్లు 60లో పోవడం చూసి ఉంటావు. అవి పాత తూర్పు జర్మనీ బండ్లు, రెండు జర్మనీలు కలిసినప్పుడు చేసుకున్న ఒప్పందంలో వాటికి 60 అలాగే ఉంచారు, కాబట్టి అది చట్టబద్ధమే. ఆ కారణంగానే వాటి ధరలు బాగా ఎక్కువ. అక్కడ ఎక్కువ కాలం ఉండేటట్లయితే ఏ1 లైసెన్స్ తీసుకుని 125కి మారడం మంచిది. అప్పటిదాకా లేన్ మధ్యలో నడుపు, అంచుకు జరిగావంటే ఇరుకులోనే ఓవర్‌టేక్ చేస్తారు.

ప్రశ్న: 100 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే మా నాన్నగారి యాక్టివా స్పీడ్ పెరుగుతుందా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పెరగదండీ. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉన్న బలం కాదు, ఇంజన్ లోపల ఒత్తిడికి ముందే భగ్గుమనకుండా తట్టుకునే గుణం. అది ఎక్కువ కంప్రెషన్ ఉన్న పెద్ద బైకులకు, కార్లకు అవసరం. యాక్టివా మామూలు పెట్రోల్‌కే తయారైంది, ఎక్కువ ఆక్టేన్ పోసినా దాన్ని వాడుకునే ఏర్పాటు అందులో లేదు. నాన్నగారి బండి మందకొడిగా ఉందనిపిస్తే ముందు టైర్లలో గాలి చూపించండి. ముందు టైరుకు 22, వెనక టైరుకు ఒక్కరే అయితే 29, ఇద్దరైతే 36 ఉండాలి. పెట్రోల్ బంకులో అడక్కపోతే రెండు టైర్లకీ ఒకే లెక్కన కొట్టేస్తారు, అందుకని ఈ అంకెలు మీరే చెప్పి కొట్టించండి.