సీఈ గుర్తున్న బొమ్మ ఇక్కడ ఎందుకు చెల్లదు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. నాన్నకు బొమ్మల షాపుంది. సీఈ గుర్తున్న చైనా బొమ్మలు తెస్తే, ఐఎస్ఐ లేనివి అమ్మకూడదన్నారు. యూరప్‌లో చెల్లేది ఇక్కడెందుకు చెల్లదు? ఈ రంగంలో నాకు ఉద్యోగం దొరుకుతుందా సార్?

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. విదేశీ ఫ్యాక్టరీ అయినా బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే కేంద్ర ప్రమాణాల సంస్థ) లైసెన్సు తీసుకోవాల్సిందే. సీఈ సంగతి వేరు. చాలా బొమ్మలకు యూరప్ నిబంధనల ప్రకారమే చేశామని తయారీదారే ప్రకటించి ఆ గుర్తు వేసుకోవచ్చు. (సీఈ అంటే 'చైనా ఎక్స్‌పోర్ట్' అని బజార్లో చెప్పుకునేది ఉత్త మాట.)

నీ కెమిస్ట్రీకి పని దొరికేది ఇక్కడే. పిల్లల బొమ్మల రంగులో సీసానికి (లెడ్) అమెరికాలో పెట్టిన హద్దు 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90. మన బొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873 మూడో భాగంలోనూ సీసం దగ్గర 90 అంకే కనిపిస్తుంది. రెండూ ఒకటే అనుకుంటే బోల్తా పడతావు. వాళ్లు రంగులో ఉన్న మొత్తం సీసాన్ని లెక్కేస్తారు. మన పద్ధతిలో రంగు గీకి, ఆ పొడిని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, ఆమ్లంలోకి దిగిన సీసాన్నే కొలుస్తారు. పిల్లాడు ఆ పెచ్చు మింగితే కడుపులో ఏం జరుగుతుందో గాజు పాత్రలో చూడటమన్నమాట. రిపోర్టులో 90 లోపు ఉందని రాస్తే, ఏ పద్ధతిలో కొలిచారని అడగగలిగినవాడే దిగుమతిదారులకు కావాలి.

ఉద్యోగాలంటావా, ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ప్రైవేటు ల్యాబుల్లో బీఎస్సీతోనే చేరొచ్చు. మొదట్లో జీతం తక్కువే, దాచడమెందుకు? బీఐఎస్‌లో ల్యాబ్ టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకు కెమిస్ట్రీ డిగ్రీ వాళ్లను తీసుకుంటారు. మార్కుల శాతం నోటిఫికేషన్‌లో చూసుకో. ఎమ్మెస్సీ చేసి గేట్ రాస్తే అక్కడే సైంటిస్ట్-బి అనే ఆఫీసర్ పోస్టు దాకా దారి ఉంది. బీఐఎస్ శాఖలు భువనేశ్వర్‌లోనూ విశాఖలోనూ ఉన్నాయి. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన నీకు ఎటు వెళ్లినా టెన్షన్ లేదు.

నాన్నగారి సరుకు మాటకొస్తే, ఐఎస్ఐ లేనివి అమ్మడమే కాదు, అమ్మకానికి నిల్వ పెట్టడమూ కుదరదు. తెచ్చిన చోటుకే తిప్పి పంపమను. ఐఎస్ఐ ఉన్న బొమ్మలకు ఆ గుర్తు కింద సీఎం/ఎల్ నంబరు, అంటే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఇంకా నడుస్తోందో లేదో ఈ ఆదివారం షాపులో నువ్వే కూర్చుని చూడు.