సముద్రం అడుగున ఉన్న గడ్డిని శాటిలైట్ ఎలా చూస్తుంది?

చూస్తుంది, కానీ నీళ్ల లోతు, ఆ నీళ్లెంత తేటగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. కెల్ప్ లాంటి పెద్ద నాచు అయితే ఈజీ, దాని ఆకులు పైకొచ్చి తేలుతుంటాయి కదా, ఆకులు నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని (మన కంటికి కనపడని ఒక రకం కాంతి) గట్టిగా వెనక్కి కొడతాయి, నీళ్లేమో దాన్ని పీల్చేసుకుంటాయి, అందుకే ఇమేజ్‌లో నల్లటి నీళ్ల మధ్య కెల్ప్ మెరుస్తూ కనిపిస్తుంది. పోటు టైంలో మాత్రం కొంత మునిగిపోయి తక్కువున్నట్టు అనిపిస్తుంది, అది చూసి నాచు పోయిందని కంగారు పడకూడదు.

అసలు కష్టమంతా అడుగున పెరిగే సముద్రపు గడ్డితోనే. అక్కడికి ఇన్‌ఫ్రారెడ్ చేరదు, నీలం, ఆకుపచ్చ బ్యాండ్లే (శాటిలైట్ విడివిడిగా రికార్డు చేసే రంగులు) దిక్కు, పైగా లోతు పెరిగేకొద్దీ రంగు మారిపోతుంది కాబట్టి ఆ ఎఫెక్ట్‌ని లెక్కగట్టి తీసేయాలి, లేకపోతే లోతులో ఉన్న ఉత్త ఇసుక కూడా గడ్డిలాగే ముదురుగా కనిపిస్తుంది. బురద నీళ్లయితే చాలాసార్లు వదిలేసుకోవడమే.

డేటా ఫ్రీనే. సెంటినెల్-2 అనే శాటిలైట్ ఇమేజ్‌లలో ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, ల్యాండ్‌శాట్ అనే శాటిలైట్లలో 30 మీటర్లు, కానీ ల్యాండ్‌శాట్‌లో ఈ 30 మీటర్ల ఇమేజ్‌లు 1980ల నుంచే ఉన్నాయి, గడ్డి ఎన్నేళ్లుగా తగ్గుతోందో చూడాలంటే నేనైతే దాన్నే తీసుకుంటా. ఏది వాడినా కొన్నిచోట్లయినా డైవర్లు దిగి చూసినదాంతో మ్యాప్‌ని సరిపోల్చాల్సిందే.