మెడికల్ లైబ్రేరియన్ పనికి ఎం.లిబ్ చదువు సరిపోతుందా?

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా, ఎం.లిబ్ (లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్) పూర్తయింది, మెడికల్ కాలేజీలో ఉద్యోగం వస్తే చదివింది అక్కరకొస్తుందా అని. నేను బరంపురంలో ఓ మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కరకొస్తుంది. కాకపోతే బట్టీ పట్టిన థియరీ కన్నా, విసుక్కుంటూ చేసిన కేటలాగింగ్ (పుస్తకాల వివరాలు నమోదు చేసే) ప్రాక్టికల్సే ఎక్కువ పనికొస్తాయి.

పుస్తకాల వర్గీకరణ గురించి టెన్షన్ వద్దు. మనకి డ్యూయీ, కోలన్ అనే వర్గీకరణ పద్ధతులు నేర్పుతారు. మెడికల్ లైబ్రరీలో ఎన్‌ఎల్‌ఎం (అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్) పద్ధతి ఎదురుకావచ్చు. అందులో ఒక్కో విషయానికి ఒక్కో అక్షరాల గుర్తు: గుండె జబ్బులు డబ్ల్యూజీ, పిల్లల వైద్యం డబ్ల్యూఎస్, మందులు క్యూవీ. నాలుగు రోజులు ర్యాకుల మధ్య తిరిగితే అదే వచ్చేస్తుంది.

అసలు పరీక్ష పీజీలు థీసిస్ మొదలుపెట్టినప్పుడు. వానాకాలంలో ఓ పీజీ వచ్చి "మేడమ్, కట్లపాము కాటు మీద పేపర్లు కావాలి" అంది. అంతవరకే పట్టుకుని వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తాయి, ఒక్కటీ పనికిరాదు. పిల్లలా, పెద్దలా? ఏ చికిత్స? దేనితో పోల్చి? ఏం జరిగితే ఫలితం ఉన్నట్టు? ఇలా అడగ్గా అడగ్గా తేలింది, యాంటీవెనమ్‌కి (పాము విషానికి విరుగుడు) తోడు నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తే లాభం ఉందా అన్నది ఆమె సందేహమని. అప్పుడు పబ్‌మెడ్ (వైద్య వ్యాసాలు వెతికే ఉచిత డేటాబేస్) తెరిచి, మెష్ అనే దాని విషయ పదాల జాబితాలోంచి స్నేక్ బైట్స్ (పాము కాట్లు), బంగారస్ (కట్లపాముల శాస్త్రీయ నామం) తీసుకున్నాం. మెష్ ఒక్కటే పెడితే ఇంకా ఇండెక్స్ కాని (మెష్ పదాలు తగిలించని) కొత్త వ్యాసాలు జారిపోతాయి కాబట్టి, కట్లపాముకి ఇంగ్లీషులో వాడే క్రైట్ అన్న మామూలు మాటని కూడా 'OR' (లేదా) పెట్టి కలిపాం. విషయ శీర్షికలు ఎంచే ప్రాక్టికల్ చేసినవాళ్లకి ఇదంతా ఇట్టే అర్థమవుతుంది. కానీ డాక్టర్ని తిరిగి ప్రశ్నించడం మాత్రం నాకు ఏ క్లాసులోనూ నేర్పలేదు. మొదట్లో నోరు పెగలదు, ముఖ్యంగా ఎదురుగా ప్రొఫెసర్ ఉంటే!

వైద్య జర్నల్స్‌లో వాడే, అంకెలతో సాగే వ్యాంకూవర్ పద్ధతిలో రిఫరెన్సులు రాయడం, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే దొంగ జర్నల్స్‌ని పసిగట్టడం కూడా పనిలో పడ్డాకే నేర్చుకున్నాను. ప్రభుత్వ కాలేజీలో చేరితే, 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో (ప్రభుత్వ విద్యాసంస్థలకి జర్నల్స్ అందించే కేంద్ర పథకం) ఏయే జర్నల్స్ ఉన్నాయో ముందే చూసుకోండి. చేరగానే అందరూ అడిగేది అదే.

ఈలోగా పబ్‌మెడ్ ఉచిత పాఠాలు ఎన్‌ఎల్‌ఎం వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చేసేయండి. దగ్గర్లోని మెడికల్ లైబ్రరీలో కొన్నాళ్లు జీతం లేకుండానైనా కూర్చోనిస్తారేమో అడగండి. ఇంటర్వ్యూలో మాత్రం ఇవేవీ అడక్కపోవచ్చు. మన దేశంలో లైబ్రరీ సైన్స్ పితామహుడు రంగనాథన్ గారి ఐదు సూత్రాలు, ఆ పుస్తకం అచ్చయిన 1931 అన్న సంవత్సరంతో సహా గుర్తుపెట్టుకుని వెళ్లండి.