బండి బాగోగులు: డీజిల్ పికప్, పెట్రోలు పరుగు

(విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసిన మేస్త్రి మీ ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: గురువుగారూ, నమస్తే. నేను హైదరాబాదులో నల్లగండ్లలో ఉంటాను. ఆఫీసు మాదాపూర్, పోను తొమ్మిది, రాను తొమ్మిది కిలోమీటర్లు. రెండు నెలలకోసారి మా ఊరు తణుకు వెళ్లొస్తాను. నెలకో ఆదివారం పొద్దున్నే అనంతగిరి ఘాట్ ఎక్కడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. చిన్న బండే కావాలి, కానీ దూకుడుగా ఉండాలి. ఆరు లక్షల చుట్టూ రెండు సెకండ్ హ్యాండ్ బళ్లు చూశాను. ఒకటి 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీడీఐ, డీజిల్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2016 పోలో జీటీ టీఎస్ఐ, పెట్రోలు, 54 వేలు. డీజిల్ తోలితే వీపు సీటుకు అతుక్కుపోయింది. పెట్రోలుది మెత్తగా పోయింది, అంతే. మా బావ డీజిలే అంటాడు. మా ఆవిడ ఆటోమేటిక్ అయితే చాలంటుంది. ఏది తీసుకోను?
— ఎస్.కె., నల్లగండ్ల

జవాబు: ముందు నా పక్షపాతం చెప్పేస్తాను బాబూ. నాకు అన్నం పెట్టింది డీజిల్. ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ని టెస్ట్ బెంచికి బిగించి, డీజిల్ చుక్కలుగా కారకుండా పొగమంచులా చిమ్మేదాకా షిమ్ములనే సన్నటి బిళ్లలు మారుస్తూ కూర్చోవడమే ముప్పై ఏళ్లు నా ఉద్యోగం. మా ఇంట్లో నా చొక్కాలు ఇప్పటికీ విడిగా ఉతుకుతారు. అలాంటివాణ్ని, మీకు మాత్రం పెట్రోలే చెబుతున్నాను. అయితే మీరు చూసిన ఆ పెట్రోలు బండేనా అన్నది తర్వాత మాట్లాడదాం.

మీ వీపు సంగతి చూద్దాం. ఆ రెండు బళ్ల హార్స్ పవర్ ఒకటే, 105. కొత్తలో ధర కూడా ఇంచుమించు ఒకటే, ఎనిమిది లక్షల చుట్టూ ఉండేది. తేడా అంతా టార్క్‌లో, అంటే చక్రాన్ని తిప్పే బలంలో ఉంది. డీజిల్‌ది 250 న్యూటన్ మీటర్లు, పెట్రోలుది 175. డీజిల్ ఆ బలాన్నంతా 1,500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 2,500 దాకా కుమ్మరించేస్తుంది. నాలుగున్నర వేలు దాటాక దానిలో పస ఉండదు, గేరు మార్చాల్సిందే. పెట్రోలుది ఆ 175ని 1,500 నుంచి 4,100 దాకా సమంగా పంచి, అయిదు వేల దాకా లాగుతూనే ఉంటుంది. ఒంగోలు గిత్తలు బండ లాగడం చూశారు కదా, మొదటి అడుగులోనే నేల అదురుతుంది. అలాగని పరుగు పందెంలో గుర్రాన్ని దాటవు. సున్నా నుంచి వందకు మీ రెండు బళ్లూ పది సెకన్లకు అటూ ఇటూగానే చేరతాయి. డీజిల్‌లో మీకు దెబ్బ తగిలినట్టు తెలిసింది, పెట్రోలులో తెలియలేదు. స్పీడోమీటరు చూసుకుంటూ మళ్లీ ఒకసారి తోలి చూడండి.

ఆ దెబ్బ హైవే మీద చాలా హాయి. తణుకు వెళ్లేటప్పుడు సూర్యాపేట దాటాక ముందు లారీ ఉంటే, ఐదో గేరులోనే ఉండి కాలు అదిమితే చాలు, బండి దూసుకుపోతుంది. ఘాట్‌లో అదే దెబ్బ ఎలా ఉంటుందో నాకు జరిగింది చెబుతాను. మా మేనల్లుడి దగ్గర ఇలాంటిదే ఒక డీజిల్ చిన్నబండి ఉంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్తున్నాం, వాన అప్పుడే వెలిసింది. ఎక్కుడు మలుపు సగంలో ఉండగా సెకండ్ వేసి ఎక్సలేటరు గట్టిగా నొక్కాను. ఇంజనులోకి గాలిని బలంగా తోసే టర్బో అర క్షణం ఊరుకుని, ఉన్నదంతా ఒక్కసారే ఇచ్చింది. ముందు టైర్లు రెండూ గిర్రున తిరిగాయి. స్టీరింగు కుడికి తిప్పే ఉంది, బండి మాత్రం ఎదురుగా ఉన్న చెట్ల వైపు నడిచింది. రోడ్డు దిగి, తడి ఆకుల మీద ఆగాం. మావాడు ఒక్క మాట అనకుండా దిగి, నా వైపు తలుపు తీసి నిలబడ్డాడు. ఆ రోజు మిగతా దారంతా వాడే తోలాడు. తప్పు నాదే, బండిది కాదు. కాకపోతే డీజిల్ ఇంజను బరువెక్కువ, ఆ బరువంతా ముందు చక్రాల మీదే ఉంటుంది. పైన ఆ టార్క్. మలుపులో చెప్పినట్టు వినాలంటే కాలు చాలా అదుపులో ఉండాలి. పెట్రోలు ఇంజను కాలికి తగ్గట్టు కొంచెం కొంచెంగా ఇస్తుంది. ఘాట్ సరదా ఉన్నవాళ్లకు నేను పెట్రోలు చెప్పడానికి ఇదొక కారణం.

అంతకన్నా పెద్ద కారణం మీ తొమ్మిది కిలోమీటర్లు. డీజిల్ ఇంజను వేడెక్కడానికి టైము పడుతుంది. మీరు నల్లగండ్లలో స్టార్ట్ చేసి, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పాకుతూ మాదాపూర్ చేరేసరికి దానికి అప్పుడే ఒళ్లు వెచ్చబడుతుంది. ఆపేస్తారు. సాయంత్రం మళ్లీ అదే కథ. ఇలా తిరిగిన బండిలో, పొగను కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు విప్పితే లోపల ఏముంటుందో తెలుసా? మా అమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి, పట్టిన మసిలో నెయ్యి రంగరించి కాటుక చేసేది. అచ్చం అదే. నల్లగా, జిగురుగా, వేలికి అంటితే సబ్బుకు కూడా పోదు. పొగలోంచి వెనక్కి వచ్చే మసి, ఇంజనులోంచి వచ్చే ఆయిలు ఆవిరి కలిసి గాలి పోయే దారిలో అలా పేరుకుంటాయి. నిజానికి ఒకసారి స్క్రూడ్రైవరుతో గీకి, పెచ్చులు అరచేతిలో వేసి కస్టమరుకు చూపించాను. సిటీ దాటకుండా నలభై వేలు తిరిగిన బండి అది. లాగడం లేదని నాజిళ్లు మార్చమని తెచ్చాడు. నాజిళ్లు బంగారంలా ఉన్నాయి, గాలే ఆడటం లేదు.

డబ్బు లెక్క మీ బావ వైపే ఉంది, దాచను. ఆఫీసు, ఊరు, ఘాట్ అన్నీ కలిపితే మీరు ఏడాదికి పదకొండు వేల కిలోమీటర్లు తిరుగుతారు. 2025లో హైదరాబాదులో పెట్రోలు 107, డీజిల్ 95 రూపాయల పైమాట, ఆ లెక్కే వేస్తాను. పెట్రోలు బండి సగటున 13, డీజిల్ 18 ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు దాదాపు మూడు రూపాయల తేడా, అంటే ఏటా ముప్పై మూడు వేలు. పెట్రోలుకు 13 ఎందుకు వేశానంటే, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. 2016 బండిని దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు, మైలేజీ కొంత కోసుకోవాల్సిందే. ముప్పై మూడు వేలు తక్కువేం కాదు. కానీ పదేళ్ల డీజిల్‌కు నాలుగు ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే రెండేళ్ల మిగులు ఒక్క బిల్లులో పోతుంది. టర్బో సంగతి నేను చెప్పను, మీరే కనుక్కోండి.

మీ బావది ఏ కాలం నాటి మాటో నాకు తెలుసు. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 దాటితే డీజిల్ 41 లోపే ఉంది. అప్పుడు డీజిల్ కొననివాణ్ని పిచ్చివాడిలా చూసేవారు, మా షెడ్డు ముందు బళ్లు క్యూ కట్టేవి. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ మానేసింది, పోలోలో కూడా డీజిల్ ఆగిపోయింది. ఆ లెక్కలు అప్పటివి.

ఇప్పుడు మీ ఆవిడ మాట. ఆ జీటీ డీజిల్ మాన్యువల్‌లోనే వచ్చింది, జీటీ పెట్రోలు ఆటోమేటిక్‌లోనే. అంటే మీరు ఇంజనుతో పాటు గేర్‌బాక్స్ కూడా ఎంచుకుంటున్నారు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఏడు గంటలకు హాఫ్ క్లచ్‌లో నిలబడే ఎడమ కాలు ఆవిడది కూడా అయితే, ఆవిడ మాటే చెల్లాలి. కాకపోతే ఆ పెట్రోలు బండిలోని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పెట్టె పాతబడ్డాక బాగా చూసి కొనాలి. దానిలో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే ఖర్చు లక్ష దాటుతుంది. చల్లగా ఉన్నప్పుడు తోలి మురిసిపోకండి. మిట్టమధ్యాహ్నం అరగంట ట్రాఫిక్‌లో పాకించండి. ఫస్ట్ నుంచి సెకండ్‌కు పడేటప్పుడు కుదుపు ఉందా, ఎత్తు మీద రివర్స్ వేస్తే వణుకుతుందా చూడండి. ఏది ఉన్నా దండం పెట్టి వచ్చేయండి.

డీజిల్ మీదే మనసైతే రెండు అడగండి. 82 వేలలో టైమింగ్ బెల్టు మార్చారా, బిల్లు ఏది? అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఆ తర్వాత ఇంజను గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. రెండోది, 2015 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో 3,23,700 డీజిల్ బళ్లను, పొగ పరీక్షను ఏమార్చే సాఫ్ట్‌వేర్ మార్చడానికి రీకాల్ చేసింది. ఈ బండి అందులో ఉందా, ఉంటే ఆ పని అయిందా అన్నది చాసిస్ నంబరు ఇచ్చి షోరూములో కనుక్కోండి.

నన్నడిగితే ఈ రెండూ వదిలేయండి. ఇంకో లక్షన్నర, రెండు లక్షలు సర్దుకోగలిగితే 2020 తర్వాతి పోలో ఒక లీటరు టీఎస్ఐ చూడండి. 110 హార్స్ పవర్, అదే 175 టార్క్. ఆరు గేర్ల మాన్యువల్ ఉంది, మీ ఆవిడకు మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ కూడా ఉంది. 2022తో మన దేశంలో పోలో తయారీ ఆగింది కాబట్టి మంచివి త్వరగా పోతున్నాయి. ఈ రెండింట్లోనే ఒకటి అంటారా, గేర్‌బాక్స్ నేను చెప్పిన పరీక్ష నెగ్గితే పెట్రోలుది తీసుకోండి.

ప్రశ్న: మా డీజిల్ కారులో బంకు కుర్రాడు పొరపాటున పది లీటర్ల పెట్రోలు కొట్టాడు. మేం చూసుకోకుండా రెండు కిలోమీటర్లు వచ్చాక బండి ఆగింది. డీజిల్ నిండా పోస్తే కలిసిపోతుందని ఒకాయన అంటున్నాడు.
— ఒక గృహిణి, ఏలూరు

జవాబు: అమ్మా, ఆయన మాట వినకండి. తాళం తిప్పకండి. స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసినా చాలా బళ్లలో ట్యాంకులోని పంపు ఆ పెట్రోలును ముందుకు తోస్తుంది. డీజిల్‌కు నూనె గుణం ఉంటుంది, హై ప్రెషర్ పంపు ఆ జిడ్డుతోనే తిరుగుతుంది. పెట్రోలు ఆ జిడ్డును కడిగేస్తుంది. ఇనుము ఇనుముతో రాసుకుని సన్నటి రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. పాత అంబాసిడర్ డీజిళ్లు తట్టుకునేవి, చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ చిమ్మే ఇప్పటి కామన్ రెయిల్ ఇంజను తట్టుకోదు. బండిని తోయించి షెడ్డుకు చేర్చండి. ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టరు మార్చమనండి. పాత ఫిల్టరును మీ ముందే కోసి చూపించమనండి. అందులో వెండి మెరుపులాంటి రజను కనిపిస్తే పంపు విప్పాలి, లేకపోతే బతికిపోయారు. బంకు బిల్లు మాత్రం పారేయకండి. ఇదే తప్పు పెట్రోలు కారులో తక్కువ జరుగుతుంది. డీజిల్ గొట్టం మూతి లావు కాబట్టి చాలావాటిలో దూరదు.

ప్రశ్న: మావాడికి కర్నూలులో ఉద్యోగం, నంద్యాల నుంచి రోజూ వెళ్లొస్తాడు. టాటా ఆల్ట్రోజ్‌లో పెట్రోలుతో నడిచే రేసర్ కావాలని పట్టుబట్టాడు. నేను అదే ఆల్ట్రోజ్‌లో డీజిల్ అంటున్నాను. ఇంట్లో మాటల్లేవు.
— రిటైర్డ్ టీచరు, నంద్యాల

జవాబు: మాస్టారూ, ఈసారి నేను మీ వైపు. పోను రాను నూట యాభై కిలోమీటర్లు, ఏడాదికి నలభై వేలకు తగ్గదు. ఇంజను రోజూ పూర్తిగా వేడెక్కుతుంది, సైలెన్సరు దారిలోని డీపీఎఫ్ ఫిల్టరు దానంతట అదే మసి కాల్చుకుంటుంది. పైన నల్లగండ్ల బాబుకు చెప్పిన బెడద మీకు లేదు. రేసర్‌ది 120 హార్స్ పవర్, 170 టార్క్. డీజిల్‌ది 90, కానీ టార్క్ 200. మీవాడు ఒట్టి తొంభయ్యా అని మొహం ముడుచుకుంటే, రెండింటినీ ఒకే రోజు టెస్ట్ డ్రైవ్‌కు అడగండి. ఓర్వకల్లు దాటాక నాలుగో గేరులో అరవై మీద లారీని ఓవర్‌టేక్ చేయమనండి. మీరు వెనక సీట్లో కూర్చుని ఏమీ మాట్లాడకండి.