అజైల్ మేలా, డెవాప్స్ మేలా? ముందు రాత్రి ఫోన్ ఎవరికి వస్తుందో చూడండి

"అజైల్‌కీ డెవాప్స్‌కీ తేడా ఏమిటి, బెంగళూరులో ఉద్యోగం తొందరగా రావాలంటే ఏది నేర్చుకోవాలి?" అని అడిగారు. రెండూ సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతులే: అజైల్ అంటే పనిని చిన్న ముక్కలు చేసి వేగంగా రాయడం, డెవాప్స్ అంటే రాసేవాళ్ళూ సర్వర్లు చూసుకునేవాళ్ళూ కలిసి దాన్ని కస్టమర్ దాకా చేర్చడం. తేడాలు చెప్పే పట్టికలు నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. అవి చదివి బాగుపడినవాళ్ళను నేనైతే చూడలేదు. నేను చూసేది ఒకటే: రిలీజ్ రాత్రి, అంటే కొత్త కోడ్ కస్టమర్లకి వదిలిన రాత్రి, ఏదైనా పగిలితే ఫోన్ ఎవరికి వెళ్తుంది? కోడ్ రాసినవాళ్ళకే వెళ్తే అక్కడ డెవాప్స్ ఉన్నట్టు. ఇంకెవరికో వెళ్తే, గోడంతా పనులు రాసిన రంగు కాగితాలు అంటించుకున్నా అక్కడున్నది సగం అజైలే.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను బెళ్లందూరు వైపు ఒక కంపెనీలో ఆపరేషన్స్ టీమ్‌లో, అంటే సర్వర్లు చూసుకునే టీమ్‌లో, ఉండేవాణ్ణి. ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ మాది. రెండు వారాల స్ప్రింట్లు (పని విడతలు), పొద్దున్నే స్టాండప్ అనే చిన్న మీటింగు, చివర్లో చేసింది చూపించే డెమో, అంతా పద్ధతిగానే నడిచేది. (పదిహేను నిమిషాలు నిలబడి ముగించాల్సిన స్టాండప్‌ని మా మేనేజరు కుర్చీలో కూర్చుని ముప్పావుగంట లాగేవాడు. దానికి తోడు పని ఎంత పెద్దదో కొలిచే స్టోరీ పాయింట్లు మూడా, అయిదా అని పంచాయితీ. ఆ గోల ఎత్తితే ఇంకో జవాబు రాయాలి.)

ఒక శుక్రవారం డెమో బ్రహ్మాండంగా జరిగింది. చప్పట్లు కొట్టారు, పనుల లెక్క పెట్టే జిరాలో ఆ పని కార్డును డన్ గడిలోకి జరిపారు, అందరూ ఇళ్ళకు బయల్దేరారు. ఆ కోడ్ రాసిన కుర్రాడు మడివాళలో నెల్లూరు బస్సెక్కాడు. దాన్ని ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే సర్వర్లలో, పెట్టే పని మాత్రం రాత్రికి మాది. చేతిలో ఒక ఎక్సెల్ షీటు, వరసగా చెయ్యాల్సిన పనులు. అందులో ఒక గడిలో "అన్ని సర్వర్లలో కాన్ఫిగ్ మార్చాలి" అని ఉంది. కాన్ఫిగ్ అంటే సెట్టింగులు. ఆ అన్ని సర్వర్లూ ఏవేవో మాత్రం రాయలేదు.

అర్ధరాత్రి దాటాక కస్టమర్ సపోర్ట్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆర్డరు ఒకసారి పడుతోంది, ఇంకోసారి పడటం లేదు. మా టీమ్‌కి పెద్ద దిక్కు ఒక అనంతపురం ఆయన. అందరం అన్నా అనేవాళ్ళం. ఆయన బస్సులో ఉన్న కుర్రాడికి ఫోన్ చేశాడు. వాడు తన ఫోన్లోనే ఒక ఆర్డరు పెట్టి చూసి, "అన్నా, నాకు బాగానే వస్తోందే" అన్నాడు.

"నీకు వస్తుందప్పా, రాకేమి. మీ బోర్డు మీద పనైపోయింది, ఈడ జనానికి రావాల కదా," అన్నాడు అన్న.

ఇంతలో బస్సు మొగిలి ఘాట్‌లోకి వెళ్ళింది, సిగ్నల్ పోయింది.

ఏం జరిగిందో సర్వర్లు రాసి ఉంచే లాగ్ తెరిస్తే పేజీల కొద్దీ ఒకే వాక్యం: "సమ్‌థింగ్ వెంట్ రాంగ్". ఏ ఆర్డరు, ఏ సర్వరు, ఎందుకు పోయింది, ఏమీ లేదు. అన్న ఒక్కో సర్వరుకీ ఒక్కో నల్ల విండో తెరిచి, కాన్ఫిగ్ ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకుని, వేలితో స్క్రీన్ మీద గీస్తూ వరస వరస చదివాడు. చివరికి దొరికింది. అంతకు కొద్ది రోజుల ముందు లోడ్ ఎక్కువైందని కొత్తగా చేర్చిన సర్వరొకటి ఉంది, దాంట్లో పాత అడ్రసే ఉండిపోయింది. కస్టమర్ల రిక్వెస్టులు సర్వర్లన్నిటికీ వంతులుగా వెళ్తాయి, ఈ సర్వరు వంతుకి వెళ్ళినప్పుడల్లా ఆర్డరు గల్లంతు. కుర్రాడు చెప్పిందీ నిజమే, కస్టమర్లు చెప్పిందీ నిజమే.

ఇది మాకే పట్టిన శని కాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించలేదు. అందులో నిద్రపోతున్న పాత కోడ్ లేచింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లు పోయాయి. ఏ స్టాండప్ పెడితే అది ఆగేది?

అలాగని అజైల్‌ని తిట్టడం లేదు. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని రాసుకున్న మ్యానిఫెస్టో సూత్రాల్లో మొదటిదే సాఫ్ట్‌వేర్‌ని త్వరగా, ఆగకుండా అందించాలని చెప్తుంది. మనవాళ్ళు ఆ అందించడాన్ని వదిలేసి మీటింగులు మాత్రం తెచ్చుకున్నారు. ఇంకో లోటు కూడా ఉంది: వ్యాపారం చూసేవాళ్ళూ డెవలపర్లూ రోజూ కలిసి పనిచెయ్యాలని రాశారు గానీ, సర్వర్లు చూసుకునేవాళ్ళ ఊసే ఎత్తలేదు. వంట ఘనంగా చేసి, వడ్డించేవాళ్ళను పిలవడం మర్చిపోయినట్టు. ఆ మిగిలిపోయిన మూలలోంచే డెవాప్స్ వచ్చింది. 2009 జూన్‌లో ఫోటోలు పంచుకునే సైటు ఫ్లికర్ వాళ్ళు రోజుకి పదిసార్లకు పైగా డిప్లాయ్ చేస్తున్నామని, అంటే కొత్త కోడ్ ప్రొడక్షన్‌లో పెడుతున్నామని, ఒక సభలో చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలోని గెంట్‌లో పాట్రిక్ డెబోయిస్ అనే ఆయన మొదటి డెవాప్స్‌డేస్ సదస్సు పెట్టాడు. కాబట్టి ఇది గొప్పా, అది గొప్పా అన్న పోటీయే తప్పు. ఒకటి పని ముక్కలు చేసి వేగంగా రాయడం, రెండోది రాసిన ముక్క కస్టమర్ దాకా క్షేమంగా చేరడం.

మా కంపెనీలో ఆ రాత్రి తర్వాత ఎక్సెల్ షీటు పోయింది. కాన్ఫిగ్, మార్పులన్నీ గుర్తుంచుకునే గిట్‌లోకి వెళ్ళింది, అన్ని సర్వర్లకూ జెన్‌కిన్స్ అనే టూలే ఒకేలా పంచడం మొదలుపెట్టింది. కానీ అసలు మార్పు అది కాదంటాను. అన్న పట్టుబట్టి డెవలపర్లను కూడా ఆన్‌కాల్ వంతుల్లో, అంటే రాత్రి ఫోన్ ఎత్తే వంతుల్లో, వేయించాడు. మొదట గొడవ గొడవ చేశారు. ఆ నెల్లూరు కుర్రాడి వంతు వచ్చి, ఒక రాత్రి నిద్ర చెడగానే లాగ్‌లో ఆర్డరు నంబరు, సర్వరు పేరు, కారణం, అన్నీ వాటంతటవే ప్రత్యక్షమయ్యాయి. ఎవరూ కార్డు వెయ్యలేదు, ఎవరూ పాయింట్లు ఇవ్వలేదు.

ఇప్పుడు చాలా కంపెనీల్లో "డెవాప్స్ ఇంజినీర్" అని ఒకణ్ణి తీసుకుని, పాత ఆపరేషన్స్ చాకిరీ అంతా వాడి నెత్తిన పెడుతున్నారు. ఫోన్ మళ్ళీ వాడికే. ఇంటర్వ్యూలో మీరే అడగండి: కోడ్ మెర్జ్ అయ్యాక (అసలు కోడ్‌లో కలిశాక) కస్టమర్‌కి చేరడానికి ఎంతసేపు పడుతుంది, రాత్రి కాల్ ఎవరు తీస్తారు అని. నీళ్ళు నమిలితే జీతం కాస్త ఎక్కువ అడగండి.

నేర్చుకోవడం సంగతికొస్తే, స్క్రమ్ (అజైల్‌లో ఒక పద్ధతి) సర్టిఫికెట్ కోసం ఇప్పుడే డబ్బు తగలెయ్యకండి, ఉద్యోగంలో చేరాక అది దానంతటదే అబ్బుతుంది. లైనక్స్, గిట్, కొంచెం పైథాన్, నెట్‌వర్కింగ్ గట్టిగా పట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌ని డబ్బాల్లా సర్దే డాకర్, ఆ డబ్బాలను సర్వర్ల మీద నడిపే కుబర్నెటిస్ ఆ తర్వాత. మారతహళ్లిలో, బీటీఎమ్‌లో ఇన్‌స్టిట్యూట్‌లు వీధికి నాలుగున్నాయి. రెండు మూడు డెమో క్లాసులు విన్నాకే చేరండి, ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి.